పది గోల్స్ పడ్డ జట్టుకు కెప్టెన్

(సికింద్రాబాద్‌లో పిల్లల వేసవి ఫుట్‌బాల్ శిబిరం ఆఖరి రోజు సాయంత్రం ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, మన దేశ ఫుట్‌బాల్ జట్టు పాత కెప్టెన్ శైలేన్ మన్నా గురించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

కూర్చోండి నాన్నా, అందరూ కూర్చోండి. వెనక నిలబడ్డ అమ్మానాన్నలు కూడా ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను మాట్లాడుతూ ఉంటాను, ఈలోగా ఈ బంతి మీ మధ్య తిరగనివ్వండి. ఒక్కొక్కరూ చేతిలో పెట్టుకుని చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. జాగ్రత్త, తడిగా ఉంది. నిన్న రాత్రి బకెట్ నీళ్లలో వేసి ఉంచాను, అందుకని. ఇది పాతకాలం తోలు బంతి. పైన కుట్టు దగ్గర లేసు కనబడుతోందా? లోపల బ్లాడర్ పెట్టి, గాలి కొట్టి, మూతిని ఇట్లా లేసుతో బిగించి కట్టేవాళ్లు. తలతో కొట్టేటప్పుడు ఆ లేసు వైపు తగిలిందంటే నుదురు చీరుకుపోయేది. మీరు ఆడే బంతి నీళ్లు పీల్చదు, ఇది పీలుస్తుంది. రూల్ ప్రకారం ఆట మొదలయ్యేటప్పుడు 410 నుంచి 450 గ్రాముల మధ్య ఉండాలి. మరి వాన పడితే? అందుకే చేతిలో పెట్టుకుని చూడమంటున్నాను.

ఇప్పుడు ఇంకో మాట. ఆ బంతిని బూట్లు లేకుండా, వట్టి కాలితో తన్నాలి. ఎంత దూరం పోతుందో ఊహించుకోండి. తన్నిన కాలికి ఏమవుతుందో కూడా ఊహించుకోండి.

శైలేన్ మన్నా. ఈ పేరు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు. సరే. ఇటలీ డిఫెండర్ మాల్దినీ పేరు? స్పెయిన్ డిఫెండర్ రామోస్ పేరు? చూశారా, అన్ని చేతులూ లేచాయి. తప్పు మీది కాదమ్మా, మాది. మేం చెప్పలేదు. అందుకే ఇవాళ చెప్పాలని వచ్చాను.

ఈ శిబిరం మొదటి రోజు ఎవరు ఎక్కడ ఆడతారని అడిగాం, గుర్తుందా? అందరూ ఫార్వర్డ్, ఫార్వర్డ్ అన్నారు. డిఫెన్స్ అని చెయ్యెత్తింది నలుగురే. ఆ నలుగురూ ఎక్కడున్నారు? ముందుకు రండి నాన్నా, ఇక్కడ కూర్చోండి. ఇవాళ్టి మాటలు ముఖ్యంగా మీ కోసం.

మన్నా గారు 1924 సెప్టెంబర్ 1న పుట్టారు. ఊరు హౌరా, అంటే కోల్‌కతాకి ఎదురుగా, హుగ్లీ నదికి ఇవతలి ఒడ్డు. ముందు హౌరా యూనియన్ అనే చిన్న క్లబ్బులో ఆడారు. 1942లో కలకత్తాలోని పెద్ద క్లబ్బు మోహన్ బగాన్‌కి వచ్చారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు. మళ్లీ ఆ క్లబ్బు వదిలింది 1960లో, అదీ ఆటే మానేసినప్పుడు. మధ్యలో ఇంకో క్లబ్బు లేదు. పందొమ్మిది సీజన్లు, ఒకే చొక్కా. ఆకుపచ్చ, మెరూన్ రంగుల చొక్కా. ఆయన వచ్చేటప్పటికి మనది బ్రిటిష్ ఇండియా. ఆయన ఆట మానేసేటప్పటికి హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కి రాజధాని. అంతకాలం ఒక మనిషి ఒకే గోల్ ముందు నిలబడ్డాడు.

ఆయన ఆడింది లెఫ్ట్ ఫుల్ బ్యాక్. ఇప్పుడు ఫుల్ బ్యాక్ అంటే మీకు వేరే బొమ్మ కనబడుతుంది. లైను పట్టుకుని పైకి పరిగెత్తి క్రాస్ వేసేవాడు కనబడతాడు. అప్పట్లో అట్లా కాదు. గోల్ కీపర్ ముందు ఇద్దరే బ్యాక్‌లు. వాళ్ల ముందు ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు. ఆ ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. రెండు, మూడు, ఐదు. ఇద్దరు బ్యాక్‌లండీ, ఇద్దరంటే ఇద్దరు! అవతల ఐదుగురు మీదికి వస్తున్నారు. ఒకడు బంతి మీదికి వెళ్తే రెండోవాడు వెనక్కి తగ్గి గోల్ కాయాలి. ఇద్దరూ ఒకేసారి వెళ్లారా, పని అయిపోయింది. ఇద్దరూ ఒకేసారి ఆగారా, అప్పుడూ పని అయిపోయింది. నువ్వు వెళ్లు, నేను ఉంటాను అని నోటితో చెప్పే టైమ్ కూడా ఉండదు. అవతలివాడి భుజం చూసి తెలుసుకోవాలి. అందుకే బ్యాక్ ఆడేవాడు ముందు చూడటం నేర్చుకోవాలి, తన్నడం ఆ తర్వాత.

దానికి తోడు కలకత్తా లీగ్ ఆడేది ఎప్పుడనుకున్నారు? వానాకాలంలో. అక్కడి మైదానమంతా బురద. బ్రిటిష్ సైనికుల జట్లు బూట్లతో వచ్చేవి. మనవాళ్లలో చాలామంది కాలికి పట్టీ చుట్టుకుని దిగేవాళ్లు. ఎండగా ఉన్నప్పుడు వట్టికాలికి బంతి మీద పట్టు బాగా ఉంటుంది, బంతి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. బురదలో మాత్రం బూటుదే పైచెయ్యి. మన్నా గారు అక్కడ తయారైన మనిషి. ఆ బురదలో, ఆ తడి బంతితో, వట్టికాలితో ఆయన కొట్టే ఫ్రీకిక్‌లకి పెద్ద పేరు. బంతి ఇప్పుడు ఎవరి దగ్గరుంది? నీ దగ్గరా? బరువుందా? ఊఁ. దాంతో కొట్టేవారు ఫ్రీకిక్.

1948కి వద్దాం. స్వతంత్రం వచ్చి ఇంకా ఏడాది కూడా నిండలేదు. లండన్ ఒలింపిక్స్. జులై 31న, లండన్ పక్కనే ఇల్ఫర్డ్ అనే చోట, ఫ్రాన్స్‌తో మ్యాచ్. స్వతంత్ర భారతం ఆడిన మొదటి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ అదే. కెప్టెన్ తాలిమెరెన్ ఆవో, నాగా కొండలనుంచి వచ్చిన మనిషి, డాక్టరీ చదువుతూ ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆయనా మోహన్ బగానే, ఆయనా డిఫెన్సే. మన జట్టులో ఎక్కువమంది వట్టికాళ్లు. ఫ్రాన్స్ ముందు గోల్ కొట్టింది. రెండో సగంలో రామన్ సమం చేశాడు. ఒకటికి ఒకటి. ఫ్రాన్స్‌ని అట్లా పట్టి ఆపారు మనవాళ్లు. చివరికి ఆట ముగిసే ముందు ఇంకో గోల్ పడింది. రెండు ఒకటితో ఓడిపోయాం.

అయితే ఆ మ్యాచ్‌లో మనకు రెండు పెనాల్టీలు వచ్చాయి. రెండూ పోయాయి. ఒకటి మహావీర్ ప్రసాద్ కొట్టింది. ఇంకోటి శైలేన్ మన్నా కొట్టింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. మన్నా గారి గురించి ఎవరు ఏం రాసినా ఆ పెనాల్టీ ఉంటుంది. ఆయన బతికున్నన్నాళ్లూ ఉంది, పోయాక వార్తల్లోనూ ఉంది. పందొమ్మిదేళ్లలో ఆయన ఎన్ని గోల్స్ ఆపాడో ఏ పుస్తకంలో రాసి ఉంది? గోల్ కొట్టినవాడి పేరు పక్కన నిమిషంతో సహా రాస్తారు. గోల్ పడకుండా ఆపినవాడి పేరు పక్కన ఏం రాస్తారు? డిఫెండర్ బతుకు ఇది. చేసినదానికి లెక్క ఉండదు, పోగొట్టినదానికి లెక్క ఉంటుంది.

నాకూ ఒకటి ఉంది, చెబుతాను. జిల్లా స్థాయి స్కూళ్ల ఫైనల్, నాకు పదహారేళ్లు. నేనూ బ్యాక్‌నే. పెనాల్టీ వచ్చింది, నన్నే కొట్టమన్నారు. బంతి పెట్టి వెనక్కి నడుస్తుంటే కాళ్లు నావి కావనిపించింది. పోల్‌కి తగిలి బయటికి పోయింది. నెలరోజులు స్కూల్లో తల ఎత్తలేదు. ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదని మా అమ్మ వచ్చి సార్‌ని అడిగింది, ఏమైందని. అప్పుడు మా సార్ నాకు చెప్పిన కథే ఈ మన్నా గారి కథ. ఆయన నన్ను ఒకటే అడిగారు. జట్టులో పదకొండుమంది ఉండగా, ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండగా, ఒలింపిక్స్‌లో పెనాల్టీ వస్తే బంతి తీసుకెళ్లి లెఫ్ట్ బ్యాక్ చేతిలో ఎందుకు పెట్టారు రా? అన్నారు. నేను జవాబు చెప్పలేదు. మీరు చెప్పండి. ఎందుకు పెట్టారు?

నమ్మకం. అవును నాన్నా, గట్టిగా చెప్పు. నమ్మకం. ఎవరిని నమ్ముతామో వాళ్ల చేతిలోనే పెడతాం. పోయింది కాబట్టి తప్పుడు మనిషి చేతిలో పెట్టారని కాదు. మరి పెనాల్టీ పోగొట్టినాయన్ని ఆ తర్వాత ఏం చేశారు? దేశానికి కెప్టెన్‌ని చేశారు.

ఆయన కాలంలోనే 1950 ప్రపంచ కప్ వచ్చింది, బ్రెజిల్‌లో. మన క్వాలిఫయింగ్ గ్రూప్‌లో ఆడాల్సిన జట్లు తప్పుకోవడంతో మనకి చోటు దొరికింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో ఆడాలి. మనం వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదు అంటే, వట్టికాళ్లతో ఆడనివ్వరన్నారట అని చెబుతారు. మీరు కూడా యూట్యూబ్‌లో చూసే ఉంటారు. అది నిజం కాదు పిల్లలూ. వెళ్లి ఉంటే కెప్టెన్‌గా వెళ్లవలసిన మన్నా గారే తర్వాత చెప్పారు, అప్పట్లో మాకు ప్రపంచ కప్ అంటే ఏమిటో తెలియదు, మాకు ఒలింపిక్సే అన్నీ అని. మన ఫుట్‌బాల్ సంఘం పెద్దలు కూడా ఒలింపిక్సే గొప్ప అనుకున్నారు, అంత దూరం ఓడ ప్రయాణం అన్నారు, ఉన్న టైమ్ చాలదన్నారు. నాకు దీని గురించి ఇప్పటికీ బాధే. అప్పుడు ఆయనకి ఇరవై ఐదేళ్లు. ఆ వయసు మళ్లీ వస్తుందా?

ఇక 1951 మార్చి. ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు. కెప్టెన్ శైలేన్ మన్నా. కోచ్ ఎవరో తెలుసా? మన హైదరాబాద్ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ పేరు అందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది కాబట్టి. బడిపంతులుగా మొదలై, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని దేశంలోనే పెద్ద జట్టుగా చేసిన మనిషి. ఇంకో సంగతి చెప్పనా? అంతకుముందు ఏడాది, 1950లో, డ్యూరాండ్ కప్ అనే దేశంలోని పాత టోర్నమెంట్ ఫైనల్లో ఆ సిటీ పోలీస్ జట్టే మోహన్ బగాన్‌ని ఓడించింది. మొదటి మ్యాచ్ డ్రా అయితే మళ్లీ ఆడి మరీ గెలిచింది. అంటే మన్నా గారి క్లబ్బుని ఓడించిన కోచ్, ఆ తర్వాత కొన్ని నెలలకే మన్నా గారికి కోచ్. ఒక చోట ఎదురెదురు, ఇంకో చోట పక్కపక్కన. ఇవాళ మీ స్కూల్ జట్లలో కొట్టుకున్నవాళ్లు రేపు జిల్లా జట్టులో ఒకే గదిలో పడుకోవాలి. గుర్తుపెట్టుకోండి.

ఢిల్లీలో ఏమైంది? ఇండోనేషియా మీద మూడు సున్నా. సెమీస్‌లో ఆఫ్ఘనిస్తాన్ మీద మూడు సున్నా. ఫైనల్లో ఇరాన్ మీద ఒకటి సున్నా, మేవాలాల్ కొట్టిన గోల్. బంగారు పతకం. అందరూ మేవాలాల్ గోల్ గురించి చెబుతారు, చెప్పాల్సిందే, గొప్ప ఫార్వర్డ్ ఆయన. నేను మాత్రం అటువైపు అంకె చూడమంటాను. సున్నా, సున్నా, సున్నా. మూడు మ్యాచ్‌లు, ఒక్క గోల్ పడలేదు. ఆ సున్నాలు ఎవరివి? డిఫెన్స్‌వి. ఇక్కడ కూర్చున్న మీ నలుగురివి. ఆ మూడు సున్నాలని మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

మరి సున్నాల గురించి చెప్పినవాణ్ణి పది గురించి కూడా చెప్పాలి కదా.

1952 జులై 15. హెల్సింకి ఒలింపిక్స్. మన జట్టులో ఆ రోజు హైదరాబాద్ వాళ్లు చాలామంది. మన్నా గారి పక్కన రెండో బ్యాక్ మన సిటీ పోలీస్ అజీజుద్దీన్. హాఫ్ బ్యాక్ నూర్ మొహమ్మద్, ఆయనా మనవాడే. ముందు వరసలో మొయినుద్దీన్, ఆయనా ఇక్కడివాడే. ఎదురుగా యుగోస్లావియా. అక్కడి చలికి, ఆ తడి గడ్డి మీద, మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో దిగారు. పది ఒకటి. పది గోల్స్ పడ్డాయి. వాళ్ల జెబెత్స్ ఒక్కడే నాలుగు కొట్టాడు. మన గోల్ చివర్లో అహ్మద్ ఖాన్ కొట్టాడు.

పది గోల్స్ పడుతున్నప్పుడు బ్యాక్‌లకి ఎట్లా ఉంటుందో మీరు ఆలోచించారా? ఫార్వర్డ్ అయితే అవతలి సగంలో నిలబడి ఉంటాడు. గోల్ పడిన ప్రతిసారీ వల్లోంచి బంతి తీసేది ఎవరు? గోల్ కీపరు, లేకపోతే బ్యాకు. వంగి బంతి తీసి, మధ్య గీత దాకా పంపి, మళ్లీ వచ్చి తన చోట నిలబడాలి. పదిసార్లు. కెప్టెన్ కాబట్టి ప్రతిసారీ మిగతావాళ్ల మొహాలు కూడా చూడాలి. ఆరో గోల్ తర్వాత ఏం చెబుతావు? ఎనిమిదో గోల్ తర్వాత? ఆ ఆఖరి నిమిషాల్లో కూడా ముందుకు వెళ్లి అహ్మద్ ఖాన్ గోల్ కొట్టాడంటే ఆ జట్టు చేతులెత్తెయ్యలేదని నేను అనుకుంటాను. నాకు ఆ ఒక్క గోల్ చాలా పెద్దది.

ఇంకోటి చూడండి. ఆ యుగోస్లావియా ఎవరు? ఆ తర్వాతి మ్యాచ్‌లో సోవియట్ యూనియన్‌కి ఐదు కొట్టింది. డెన్మార్క్‌కీ ఐదు కొట్టింది. ఫైనల్ దాకా వెళ్లి పుస్కాస్ ఆడిన హంగరీ చేతిలో ఓడి వెండి పతకం తీసుకుంది. అప్పట్లో ప్రపంచంలో మేటి జట్లలో ఒకటి. ఇది సాకు కోసం చెప్పడం లేదు. పది పదే. కానీ ఎవరి చేతిలో పదో కూడా తెలియాలి.

ఆ దెబ్బతో మన సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. అప్పటికి మన్నా గారికి ఇరవై ఏడు దాటాయి. చిన్నప్పటినుంచి వట్టికాలితో నేర్చుకున్న ఆట. వేళ్లతో, మడమతో, అరికాలితో బంతిని తెలుసుకున్న కాలు. ఇప్పుడు తోలు బూటులో పెట్టి మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. మీలో కొత్త స్టడ్స్ బూట్లు కొన్నవాళ్లకి తెలుసు, మొదటి వారం బంతి ఎక్కడ తగులుతుందో అర్థం కాదు, మడమ దగ్గర పొక్కులు లేస్తాయి. ఇరవై ఎనిమిదో ఏట అది మొదలుపెట్టి ఇంకో ఎనిమిదేళ్లు క్లబ్బుకి ఆడారాయన. 1953లో మోహన్ బగాన్ మొదటిసారి డ్యూరాండ్ కప్ గెలిచింది. 1954లో కలకత్తా లీగు, అక్కడి ఇంకో పెద్ద పోటీ ఐఎఫ్‌ఏ షీల్డు రెండూ ఒకే ఏడాది గెలిచింది. పది గోల్స్ తర్వాత జరిగినవి ఇవన్నీ.

ఇప్పుడు చెప్పండి. హెల్సింకి తర్వాత ఏడాదే, 1953లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన ఇయర్‌బుక్‌లో ప్రపంచంలోని పదిమంది మేటి కెప్టెన్ల పేర్లు వేసింది. అందులో ఒక పేరు శైలేన్ మన్నా. పది గోల్స్ పడ్డ జట్టు కెప్టెన్ పదిమందిలో ఎట్లా ఉన్నాడు? నేను చాలా ఏళ్లు ఆలోచించాను దీని గురించి. స్కోరు చూసి వెయ్యలేదు ఆ పేరు. స్కోరు చూస్తే ఎవరూ వెయ్యరు. స్కోరు ఎట్లా ఉన్నా ఆ మనిషి మైదానంలో ఎట్లా ఉన్నాడో చూసి వేశారు. నాకు వేరే కారణం కనబడటం లేదు.

డబ్బు సంగతి కూడా చెబుతాను, పెద్దవాళ్లు వింటున్నారు కాబట్టి. ఆ పందొమ్మిదేళ్లూ ఆయన క్లబ్బునుంచి జీతం తీసుకోలేదు. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం చేసుకుంటూ ఆడారు. మీ పిల్లలు కూడా ఊరికే ఆడాలని నేను అనడం లేదమ్మా, ఆటగాడికి డబ్బు రావాలి, బాగా రావాలి. అయితే పందొమ్మిదేళ్లు ఒక్క చోట ఉండటానికి డబ్బు ఒక్కటే కారణం కానక్కర్లేదని ఆయన్ని చూస్తే తెలుస్తుంది. తర్వాత పద్మశ్రీ వచ్చింది, 1971లో. మోహన్ బగాన్ క్లబ్బు 2001లో మోహన్ బగాన్ రత్న అనే గౌరవాన్ని మొదలుపెట్టి మొదట ఆయనకే ఇచ్చింది. 2012 ఫిబ్రవరి 27న కోల్‌కతాలో పోయారు. ఎనభై ఏడేళ్లు.

సరే, బంతి అందరి చేతులూ తిరిగిందా? ఎవరి దగ్గరుంది? ఇటు ఇవ్వు నాన్నా. ఇంకా వెలుతురు ఉంది. ఆ డిఫెన్స్ నలుగురూ బూట్లు విప్పండి. సాక్సులు కూడా. గడ్డి తడిగానే ఉంది, పొద్దున నీళ్లు పెట్టారు. కీపర్ ఎవరు? వెళ్లి గోల్లో నిలబడు. ఒక్కొక్కరికి ఒక పెనాల్టీ, ఈ బంతితోనే. పోయినా పరవాలేదు, పోయినవాడే వెళ్లి బంతి తెచ్చి తర్వాతివాడి కాలి దగ్గర పెట్టాలి. పదండి.